లగ్జరీ ఎస్‌యూవీలో స్పార్క్ ప్లగ్గుల మార్పిడి: చేతికందని చివరి రెండు, వాటికయ్యే ఖర్చు

సిలిండరులో నిప్పురవ్వ పుట్టించి పెట్రోల్‌ను మండించే స్పార్క్ ప్లగ్గు అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. చిన్న కారులోని నాలుగు ప్లగ్గులనూ వీధి మలుపులోని మెకానిక్ అరగంటలో మార్చి పంపుతాడు. అదే పనికి లగ్జరీ ఎస్‌యూవీని తీసుకువెళితే చేతిలో పెట్టే ఎస్టిమేటు చూసి, ప్లగ్గుల ధరే అంత ఉంటుందేమోనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ డబ్బులో పెద్ద వాటా ప్లగ్గుకు కాదు, ప్లగ్గు దాకా వెళ్లే దారికి పోతుంది. బానెట్ ఎత్తగానే కనిపించే ప్లాస్టిక్ మూతల కింద, గాలి గొట్టాల వెనక, కొన్ని బండ్లలో వైపర్ల కింది పలక లోపల అది దాగి ఉంటుంది. మీ బండిలో ఆ దారి ఎలా ఉందో ముందుగా తెలుసుకుంటే, ఈ పని మీరు స్వయంగా చేసుకోగలరా, చేయించుకుంటే ఎంత ఇవ్వడం సబబు, చేసినవారు పని పూర్తిగా చేశారా అనే మూడు ప్రశ్నలకూ మీకే జవాబు దొరుకుతుంది.

నాకు ఈ సంగతి నష్టపోయాకే తెలిసింది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న పెట్రోల్ ఎస్‌యూవీని సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏడాదికి, హైదరాబాద్‌లోనే ఒక గ్యారేజీలో ఆరు ప్లగ్గులు మార్పించి, ఆరింటికీ బిల్లు కట్టాను. మరో పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజిన్ మిస్సింగ్ కొట్టడం, అంటే ఏదో ఒక సిలిండరులో పెట్రోల్ సరిగా మండక తడబడటం, మొదలుపెట్టింది. కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక ఆదివారం ఉదయం నేనే విప్పి చూశాను. ముందున్న నాలుగు ప్లగ్గులూ కొత్తవే. ఐదోదీ ఆరోదీ మాత్రం వేరే కంపెనీవి. వాటి లోహపు అంచున తుప్పు పట్టి ఉంది, తెల్లటి పింగాణీ చుట్టూ గోధుమ రంగు పట్టీ ఏర్పడి ఉంది, పదునుగా ఉండవలసిన మధ్య ముల్లు అరిగి గుండ్రబడి ఉంది. అవి ఫ్యాక్టరీలో బిగించిన నాటి నుంచి కదలని ప్లగ్గులు. ఆ రెండూ వైపర్ల కింది పలక లోపలికి ఉండటంతో, ఆ పలక విప్పే శ్రమ తప్పించుకొని నాలుగు మార్చి ఆరింటి డబ్బు తీసుకున్నారు. ఆ తర్వాత మాట్లాడిన ఒక పెద్ద మెకానిక్ నా మాట పూర్తికాకముందే, "ఎనకాల రెండు చేతికి రావు సార్, పైన పలక ఇప్పాలె, శానామంది ఇప్పరు" అన్నాడు. ఈ వ్యాసమంతా ఆ వెనక రెండు ప్లగ్గులను దృష్టిలో పెట్టుకొని రాసినదే.

మీ బండిలో ఏ ఇంజిన్ ఉంది?

మొదట ఆర్‌సీ కార్డులో ఇంధనం అన్న గడి చూడండి. అక్కడ డీజిల్ అని ఉంటే మీ బండిలో స్పార్క్ ప్లగ్గులు అసలు ఉండవు. డీజిల్ ఇంజిన్‌లో ఉండేవి గ్లో ప్లగ్గులు. చల్లబడిన ఇంజిన్ సులభంగా అందుకోవడానికి అవి దహన గదిని వేడి చేస్తాయి, వాటిని విప్పే పద్ధతి వేరు, వాటి ప్రమాదాలు వేరు. మన రోడ్ల మీద తిరిగే పెద్ద ఎస్‌యూవీల్లో డీజిల్ బండ్లు చాలా ఉన్నాయి కాబట్టి, స్పార్క్ ప్లగ్గుల పేరుతో డీజిల్ బండికి ఎవరైనా ఎస్టిమేటు ఇస్తే ఆ కాగితాన్ని అక్కడే ఆపి అడగవలసి ఉంటుంది.

పెట్రోల్ బండి అయితే సిలిండర్లు ఎన్ని, అవి ఎలా అమరి ఉన్నాయి అన్నదాన్ని బట్టి కష్టం మారుతుంది. అన్నింటికంటే సులువైనది నాలుగు సిలిండర్ల ఇంజిన్. వోల్వో ఎక్స్‌సీ90 అంత పెద్ద బండి అయినా అందులో ఉన్నది రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. పై మూత లాగితే ప్లగ్గులకు కరెంటు అందించే నాలుగు కాయిళ్లూ ఎదురుగానే కనిపిస్తాయి. బీఎండబ్ల్యూ ఎక్స్5లోని మూడు లీటర్ల పెట్రోల్ ఇంజిన్, మెర్సిడెస్ జీఎల్ఈ 450లోని ఇంజిన్ వరుసగా ఆరు సిలిండర్లు ఉన్నవి. ఇవి పొడవైన ఇంజిన్లు కావడంతో వెనక చివర డ్యాష్‌బోర్డు గోడ వైపు, అంటే మెకానిక్‌లు ఫైర్‌వాల్ అనే దాని వైపు, ఒదిగిపోతుంది. ముందు నాలుగు ప్లగ్గులు పావుగంట పని. చివరి రెండింటికి క్యాబిన్ ఫిల్టర్ పెట్టె, బానెట్ కింది అడ్డ కడ్డీలు, కొన్ని మోడళ్లలో వైపర్ల కింది పలక కూడా తీయాలి. కష్టం ఉన్నా ఓపికగలవారు ఇంట్లో చేసుకోగలిగిన పనే ఇది.

వీ ఆకారపు ఇంజిన్లలో లెక్క మారుతుంది. ఆడి క్యూ7లోని మూడు లీటర్ల వీ6లాగా ఇంజిన్ బండి పొడవునా అమర్చి ఉంటే చెరో వైపు మూడేసి ప్లగ్గులు ఉంటాయి; గాలి గొట్టాలు, నీళ్ల డబ్బా వంటివి పక్కకు జరిపితే చేయి దూరుతుంది. లెక్సస్ ఆర్ఎక్స్ 450హెచ్‌లో ఉన్న మూడున్నర లీటర్ల వీ6 మాత్రం బండికి అడ్డంగా అమర్చినది. ముందు వైపు మూడు ప్లగ్గులు తేలికగా వస్తాయి, వెనక వైపు మూడూ ఫైర్‌వాల్‌కు, ఇంటేక్ మానిఫోల్డ్‌కు మధ్య సందులో ఉంటాయి. వాటిని అందుకోవాలంటే వైపర్ల పలకతో పాటు ఇంజిన్‌కు గాలి పంచే ఆ మానిఫోల్డ్ పై భాగాన్ని విప్పక తప్పదు, తిరిగి బిగించేటప్పుడు దాని గ్యాస్కెట్ (అతుకులో లీకు కాకుండా వేసే పొర) కొత్తది వేయాలి. రేంజ్ రోవర్‌లో చాలా కాలం వాడిన ఐదు లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8లో ప్లగ్గులు ఎనిమిది.

ప్లగ్గుల సంఖ్య సిలిండర్ల సంఖ్యకు సమానమనే నమ్మకం కూడా ఒక్కోసారి తప్పుతుంది. పాత మెర్సిడెస్ ఎంఎల్‌లో వచ్చిన ఎం112 వీ6, ఎం113 వీ8 ఇంజిన్లలో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, అంటే వీ6కు పన్నెండు, వీ8కు పదహారు. జీప్ గ్రాండ్ చెరోకీ ఎస్ఆర్‌టీలోని 6.4 లీటర్ల హెమీ వీ8కు కూడా పదహారే. పాత బండి చవగ్గా వస్తోందని కొనేవారు ఈ అంకెను ముందే లెక్కలో వేసుకోవడం మంచిది.

మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

లగ్జరీ బండ్లలో దాదాపుగా ఇరిడియం లేదా ప్లాటినం మొన ఉన్న ప్లగ్గులే వస్తాయి. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ప్లాటినం 1,768 డిగ్రీల దగ్గర కరిగితే, ఇరిడియం 2,446 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అందుకే దాని మొనను సూదిలా సన్నగా చేయగలుగుతారు, సన్నటి మొన నుంచి తక్కువ వోల్టేజీతోనే నిప్పురవ్వ దూకుతుంది. ఇటువంటి ప్లగ్గులకు కంపెనీలు సాధారణంగా 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య గడువు చెబుతాయి. టర్బో ఇంజిన్లలో సిలిండరు లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి గడువు ఆ శ్రేణిలో కింది కొసకు దగ్గరగా ఉంటుంది. మీ మోడల్‌కు సరైన అంకె ఓనర్స్ మాన్యువల్‌లోనో సర్వీస్ షెడ్యూల్‌లోనో ఉంటుంది, దాన్నే ప్రమాణంగా తీసుకోండి.

అయితే మన నగరంలో కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు. మీటరులో సగటు వేగం చూడండి. గంటకు 40 కిలోమీటర్ల సగటుతో 60,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ 1,500 గంటలు పనిచేసి ఉంటుంది. సైబర్ టవర్స్ కూడలి, బయోడైవర్సిటీ జంక్షన్ వంటి చోట్ల రోజూ నిలబడుతూ గంటకు 20 కిలోమీటర్ల సగటుతో అంతే దూరం తిరిగినది 3,000 గంటలు పనిచేసి ఉంటుంది. దూరం ఒకటే అయినా ప్లగ్గు రెట్టింపు గంటలు పనిచేసింది. పైగా ఐడిల్‌లో ఎక్కువసేపు నడిచే ఇంజిన్‌లో ప్లగ్గు మొన తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, మసి పేరుకుంటుంది. రోజూ ఇటువంటి తిరుగుడే ఉంటే కంపెనీ చెప్పిన గడువు పూర్తయ్యేదాకా ఆగకుండా కొంత ముందే మార్చడం నా అలవాటు.

లక్షణాలు ఇలా ఉంటాయి: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటులో సన్నటి వణుకు, అవుటర్ రింగ్ రోడ్డు ర్యాంపు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఒక జర్క్, తగ్గిన పికప్, పడిపోయిన మైలేజీ. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ పెట్టించండి. పీ0300 అనే కోడ్ వస్తే మిస్సింగ్ ఒకచోట నిలకడగా లేదని అర్థం. పీ0301, పీ0305 వంటివి వస్తే చివరి అంకె ఏ సిలిండరులో లోపం ఉందో చెబుతుంది. ఆ దీపం నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటుంటే బండిని నడపవద్దు. కాలని పెట్రోల్ సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది, ఆ భాగం ధర ముందు ప్లగ్గుల ఖర్చు లెక్కలోకి రాదు.

మిస్సింగ్ అనగానే ప్లగ్గులు, కాయిళ్లు కలిపి మొత్తం సెట్టు మార్చమనే సలహా తరచూ వినిపిస్తుంది. ఒప్పుకొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. ఐదో సిలిండరులో లోపమని కోడ్ చెబితే, ఆ కాయిల్‌ను రెండో సిలిండరుకు, రెండోదాన్ని ఐదోదానికి మార్చి బండి నడిపి మళ్లీ స్కాన్ చేయాలి. కోడ్ పీ0302గా మారితే లోపం కాయిల్‌లో ఉంది, ఆ ఒక్కటీ మార్చితే చాలు. కోడ్ ఐదో సిలిండరు దగ్గరే ఉంటే ప్లగ్గును అనుమానించాలి. పది నిమిషాల ఈ పరీక్ష వేల రూపాయలు మిగల్చగలదు.

ప్లగ్గులు కొనేటప్పుడు

బండి మోడల్ పేరు చెప్పి ప్లగ్గు అడగకండి. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీసుకొని, ఆ నంబరుతోనే కొనండి. ఒకే మోడల్‌లో ఏడాది మారితే ఇంజిన్ మారుతుంది, ఇంజిన్ మారితే ప్లగ్గు పొడవు, మర, వేడి శ్రేణి అన్నీ మారతాయి. వేడి శ్రేణి దగ్గర చాలామంది పొరబడతారు: ఎన్‌జీకే, డెన్సో నంబర్లలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేది, బాష్ నంబర్లలో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చి కొంటే టర్బో ఇంజిన్‌కు హాని జరుగుతుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండరులోకే చిమ్మే కొన్ని డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఆ చిమ్మే దిశకు తగినట్టు ప్లగ్గు మొనకు ఎదురుగా ఉండే కొక్కెం ఏ వైపు తిరిగి ఉండాలో కూడా నిర్ణయించి మరను కోస్తారు, అక్కడ ప్రత్యామ్నాయాలకు చోటు లేదు.

బండి మీద కంపెనీ ముద్ర ఉన్నా ప్లగ్గును తయారుచేసేది ఎక్కువగా ఎన్‌జీకే, బాష్, డెన్సో వంటి సంస్థలే. అదే తయారీదారు సొంత పెట్టెలో అమ్మే సరైన పార్ట్ నంబరు ప్లగ్గు సాధారణంగా చవగ్గా దొరుకుతుంది. నగరంలో విడిభాగాలకు, పానాలకు రాణిగంజ్, పుత్లీబౌలీ పేరున్నవి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి, పెట్టె విప్పి చూడండి. మంచి పేరున్న ప్లగ్గులకు నకిలీలు తిరుగుతున్నాయి. అసలు ప్లగ్గులో మర నున్నగా, ఒకే తీరున మెరుస్తూ ఉంటుంది. పింగాణీ మీది అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. కింది వాషర్ వేలితో తిప్పితే తిరుగుతుంది కానీ ఊడి రాదు. ఆరు ప్లగ్గులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉన్నది ఇట్టే కనిపిస్తుంది.

పనిముట్లు

ఎక్కువ అవసరం లేదు కానీ ఉన్నవి సరైనవి కావాలి. చాలా బండ్లకు 16 మిల్లీమీటర్లది, కొన్నింటికి 14 మిల్లీమీటర్లది ప్లగ్గు గోటీ (సాకెట్) సరిపోతుంది. బీఎండబ్ల్యూలకు పన్నెండు కోణాల, పలుచటి గోడ ఉన్న 14 మిల్లీమీటర్ల గోటీ కావాలి. మామూలుది ప్లగ్గు కూర్చునే లోతైన గుంతలోకి, అంటే ప్లగ్గు బావిలోకి, దిగదు. గోటీ లోపల అయస్కాంతం ఉన్నది తీసుకోండి. మూడు పొడవుల ఎక్స్‌టెన్షన్ కడ్డీలు, ఒక యూనివర్సల్ జాయింట్, రాచెట్, టార్క్స్ బిట్లు, తలకు కట్టుకునే దీపం, గాలి కొట్టే చిన్న బ్లోయర్ లేదా పంపు, పావు మీటరు రబ్బరు గొట్టం ముక్క కావాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది తక్కువ శ్రేణి టార్క్ రెంచ్, అంటే బిగింపును కొలిచే పాన. చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచ్ ఈ పనికి పనికిరాదు, ఇంత చిన్న బిగింపును అది సరిగా కొలవలేదు.

పని మొదలుపెట్టాక

ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. ప్లగ్గులు బిగించి ఉండే సిలిండరు హెడ్ అల్యూమినియంది, ప్లగ్గు ఉక్కుది. వేడిగా ఉన్నప్పుడు విప్పితే మెత్తబడిన అల్యూమినియం మర ప్లగ్గుతో పాటు ఊడివచ్చే ప్రమాదం ఉంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం ఆపిన బండి సాయంత్రానికి కూడా చల్లబడదు. రాత్రంతా నిలిపి ఉంచి తెల్లవారాక మొదలుపెట్టండి. హైబ్రిడ్ బండి అయితే తాళంచెవి దూరంగా పెట్టండి, ఎందుకంటే రెడీ స్థితిలో ఉన్న బండి ఇంజిన్ తనంతట తానే స్టార్ట్ కాగలదు. అధిక వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకండి.

విప్పే ముందు ఫోనులో ఫోటోలు తీసుకోండి. తర్వాత మూతలు, ఫిల్టర్ పెట్టె, అడ్డ కడ్డీలు ఒక వరుసలో తీస్తూ, ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా విడివిడిగా ఉంచండి. నేను పాత ఇడ్లీ రేకులు వాడతాను. ఒక్కో గుంటలో ఒక్కో భాగం బోల్టులు వేసి, పై రేకు నుంచి కింది రేకుకు వరుసగా నింపితే బిగించేటప్పుడు కింది నుంచి పైకి వస్తే సరిపోతుంది. వైపర్ల కింది పలక తీసినప్పుడు అక్కడ ఎంత చెత్త చేరుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మా బండి కింద రెండు గుప్పెళ్ల ఎండిన తురాయి రేకులు, వేపాకులు, ఇసుక దొరికాయి. ఆ చెత్తను కాయిళ్లు విప్పకముందే పూర్తిగా తీసివేయాలి, ఎందుకంటే తర్వాత అది పడేది ప్లగ్గు బావిలోకే.

ఇక్కడి నుంచి ఒక్కో సిలిండరునే తీసుకోండి; అన్నీ ఒకేసారి విప్పి గుంతలు తెరిచిపెట్టవద్దు. వీలైతే కష్టమైన చివరి సిలిండరుతోనే మొదలుపెట్టండి, అప్పటికి ఓపిక, వెలుతురు రెండూ ఉంటాయి. కాయిల్ కనెక్టరు ప్లాస్టిక్ ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి ఉంటుంది కాబట్టి దాని నాలుకను స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా వేలితో మెల్లగా నొక్కి లాగండి. కాయిల్‌కు బోల్టు ఉంటే తీసి, దాన్ని రెండు వైపులా కొంచెం తిప్పితే కింది రబ్బరు పట్టు వదులుతుంది, అప్పుడు నిటారుగా పైకి లాగాలి. ఆ రబ్బరు చివర తడిగా, నల్లటి నూనెతో మెరుస్తూ బయటికి వస్తే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోందని తెలుసుకోండి. నూనె రబ్బరును ఉబ్బించి కాయిల్‌ను పాడుచేస్తుంది. గ్యాస్కెట్ మార్చకుండా కొత్త ప్లగ్గు బిగిస్తే కొద్ది నెలల్లో మళ్లీ ఇదే పని.

బావిలోకి దీపం వేసి చూడండి. ప్లగ్గు చుట్టూ సన్నటి ఇసుక వలయం కనిపిస్తుంది. దాన్ని గాలితో ఊదాలి, కళ్లద్దాలు పెట్టుకొని ఊదాలి. ఆ తర్వాత గోటీ దించి, ప్లగ్గును పావు చుట్టు మాత్రమే వదులుచేసి, గోటీ తీసి మళ్లీ ఊదండి. వదులయినప్పుడు అంచు కింద దాగిన రేణువులు బయటపడతాయి, వాటిలో ఒక్కటి సిలిండరులో పడినా గోడ మీద గీత పడవచ్చు. ప్లగ్గు గట్టిగా పట్టుకుని కదలకపోతే బలం వాడకండి. మర దగ్గర చొచ్చుకుపోయే నూనె కొన్ని చుక్కలు వేసి కొన్ని గంటలు ఆగి, కొంచెం వదులుచేయడం, కొంచెం బిగించడం, మళ్లీ వదులుచేయడం అనే పద్ధతిలో ఓర్పుగా తేవాలి. కీచుమని శబ్దం వస్తూ బిగుతు పెరుగుతుంటే అక్కడితో ఆపి, హెడ్ మరమ్మతు తెలిసినవారిని పిలవడం తెలివైన పని.

కొత్త ప్లగ్గు చేతిలోంచి జారి నేల మీద పడితే దాన్ని పక్కన పెట్టేయండి. పింగాణీలో కంటికి కనిపించని పగులు ఉన్నా అది లోడు పడ్డప్పుడు మిస్సింగ్ కొడుతుంది. ఇరిడియం మొనల మధ్య సందును కొలిచి చూడవచ్చు కానీ, దాన్ని సరిచేయడానికి మొన మీద ఏదీ ఆనించి వంచకూడదు, సన్నటి మొన విరుగుతుంది. మరకు గ్రీజు, మర పట్టేయకుండా రాసే యాంటీసీజ్ పూత రాయవద్దని ఎన్‌జీకే వంటి తయారీదారులే చెబుతున్నారు. పూత ఉన్న మర జారుడుగా మారి, టార్క్ రెంచ్ సరైన అంకె చూపుతున్నా నిజంగా బిగుతు మించిపోతుంది.

ఇప్పుడు రబ్బరు గొట్టం ముక్క తీసుకొని ప్లగ్గు పై కొనకు తొడిగి, బావిలోకి దించి వేళ్లతో తిప్పండి. మర సరిగ్గా పడితే ప్లగ్గు నున్నగా దిగుతుంది. అడ్డంగా పడితే గొట్టం మెలితిరిగిపోయి చేతిలో జారుతుంది తప్ప ప్లగ్గును బలవంతంగా దించలేదు. ఈ పనిలో హెడ్‌ను కాపాడేది ఈ రబ్బరు ముక్కే. రాచెట్‌తో మొదలుపెట్టినవారికి మర తప్పిందన్న సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అలా పోయిన మరకు హెలికాయిల్ వంటి కొత్త మర చుట్టు వేయించాలి, వెనక సిలిండరు అయితే చేయి, పనిముట్టు దూరక హెడ్ దించవలసిన పరిస్థితి కూడా రావచ్చు.

ప్లగ్గు అడుగు తాకాక టార్క్ రెంచ్ వాడండి. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల మర ప్లగ్గుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల మరకు 15 నుంచి 20 చెబుతారు. కొన్ని ఇంజిన్లకు ఇంతకు భిన్నమైన అంకె ఉంటుంది కాబట్టి మీ ఇంజిన్ మాన్యువల్‌లోని అంకెకే కట్టుబడండి. రెంచ్ ఒక్కసారి టక్ అనగానే ఆపాలి, గట్టి కోసం రెండోసారి లాగకూడదు. తర్వాత కాయిల్ రబ్బరు లోపలి అంచుకు డైఎలక్ట్రిక్ గ్రీజు పలుచగా రాసి, నిటారుగా దించి, కనెక్టరు క్లిక్‌మనే దాకా నొక్కి, తర్వాతి సిలిండరుకు వెళ్లండి.

మానిఫోల్డ్ విప్పవలసిన అడ్డ వీ6 అయితే, అనుభవం లేనివారు ఈ పనికి దిగవద్దనే నా మాట. అక్కడ గాలి దారులు తెరుచుకొని ఉంటాయి, ఒక వాషర్ జారిపడినా నేరుగా వాల్వ్ మీదకు పోతుంది. విప్పగానే ఆ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కి, ఎన్ని పెట్టారో రాసుకొని, మూసేటప్పుడు అన్నీ లెక్కగా తీయాలి. ఏ ఇంజిన్‌లోనైనా డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఉక్కు గొట్టాలను వదులుచేయకండి. వాటిలో ఒత్తిడి 200 బార్, కొత్త ఇంజిన్లలో 350 బార్ దాకా కూడా ఉంటుంది.

తీసిన ప్లగ్గులు ఏం చెబుతాయి

తీసిన ప్రతి ప్లగ్గునూ సిలిండరు అంకె రాసిన కాగితం మీద వరుసగా పెట్టండి. మొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే దగ్గరి దూరాల తిరుగుడు, ఎక్కువ ఐడిల్, నిండిన గాలి ఫిల్టరు వంటివి కారణం కావచ్చు. నూనె తడి ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా పాలిపోయి బొబ్బలు కట్టినట్టుంటే అతిగా వేడెక్కింది, దాన్ని వదిలేయకుండా కారణం వెతికించాలి. పింగాణీ పై భాగాన కనిపించే గోధుమ పట్టీ మాత్రం లోపం కాదు. అధిక వోల్టేజీ వల్ల గాలిలోని నూనె రేణువులు అక్కడ అంటుకుంటాయి. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే వేరుగా ఉంటే ఆ ఒక్క సిలిండరు గురించి ఆలోచించాలి.

ఖర్చు లెక్క

ధరలు మోడల్‌ను బట్టి, చోటును బట్టి మారతాయి, కాబట్టి లెక్క వేసే పద్ధతి చూపిస్తాను. అంకెలు మీ ఎస్టిమేటులోవి వేసుకోండి. వరుస ఆరు సిలిండర్ల బండికి పన్ను కాకుండా ప్లగ్గు 2,000 రూపాయలు, లేబర్ గంటకు 2,500 రూపాయలు అనుకుందాం. ఆరు ప్లగ్గులకు 12,000, రెండు గంటల పనికి 5,000, వెరసి 17,000. దీని మీద 18 శాతం జీఎస్టీ 3,060 కలిపితే 20,060 రూపాయలు. అవే ధరలతో అడ్డ వీ6 తీసుకుంటే ప్లగ్గుల 12,000 మారదు. పని ఐదు గంటలై 12,500 అవుతుంది, గ్యాస్కెట్లకు 2,500 చేరుతుంది, మొత్తం 27,000, పన్నుతో 31,860. ప్లగ్గుకు ఒక్క రూపాయి పెరగకుండానే బిల్లు దాదాపు పన్నెండు వేలు పెరిగింది. ఆ పన్నెండు వేలూ దారి ఖరీదు.

అందుకని బేరం ప్లగ్గు ధర మీద కాకుండా గంటల మీద ఆడండి. ఎన్ని గంటలు వేశారు, అందులో వైపర్ల పలక విప్పడం ఉందా, గ్యాస్కెట్ కొత్తదా అని అడిగితే, జవాబు చెప్పే తీరులోనే ఆ పని వారికి తెలుసో లేదో అర్థమవుతుంది. నాలుగు సిలిండర్ల బండికి ఐదు గంటలు వేస్తే ఎక్కువ. అడ్డ వీ6కు ఒక గంటే వేస్తే మరింత అనుమానించాలి, ఎందుకంటే వెనక మూడు ప్లగ్గులు ఆ గంటలో రావు.

పన్ను గడి కూడా జాగ్రత్తగా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం; అంతకు ముందు స్పార్క్ ప్లగ్గుల వంటి వాటి మీద 28 శాతం ఉండేది. పాత శాతం ఇంకా బిల్లులో కనిపిస్తే ప్రశ్నించండి. పెట్టె మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, ఆ ఎంఆర్‌పీనే వేసి దాని మీద మళ్లీ జీఎస్టీ కలిపితే అది తప్పు బిల్లు.

స్వయంగా చేసుకుంటే లేబర్ ఖర్చు మిగులుతుంది కానీ, మొదటిసారి టార్క్ రెంచ్, గోటీలకు కొంత పెట్టవలసి వస్తుంది. మెకానిక్‌కు రెండు గంటల పని మీకు నాలుగైదు గంటలు పడుతుంది. వారంటీ ఉన్న బండిని మాత్రం అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించి బిల్లు దాచండి. వారంటీ దాటిన నాలుగు సిలిండర్ల బండిని ధైర్యంగా ఇంట్లో విప్పవచ్చు. వరుస ఆరును ఒక రోజంతా ఖాళీ ఉంటేనే ముట్టుకోండి. అడ్డ వీ6, పదహారు ప్లగ్గుల వీ8లను చేయి తిరిగినవారికి అప్పగించడమే లాభం.

గ్యారేజీలో ఇస్తే బండి అప్పగించే ముందే ఒక షరతు చెప్పండి: తీసిన ప్లగ్గులన్నీ సిలిండరు అంకెతో సహా తిరిగి ఇవ్వాలి, కొత్త ప్లగ్గుల ఖాళీ పెట్టెలు కూడా ఇవ్వాలి, వెనక సిలిండర్లు విప్పినప్పుడు ఒక ఫోటో పంపాలి. జాబ్ కార్డు మీద ఆ మాట రాయించండి. నిజాయితీగా చేసేవారికి ఇది భారం కాదు, నేను ఇప్పుడు వెళ్లే చోట వారే అడగకుండా పంపుతారు.

పని పూర్తయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు బానెట్ తెరిచే ఉంచి వినండి. శబ్దం ఒకే లయలో ఉండాలి, ఫిస్‌మనే గాలి చప్పుడు ఉండకూడదు. స్కానర్‌తో పాత కోడ్లు తుడిచి ఇరవై కిలోమీటర్లు నడిపి మళ్లీ చదవండి. మీటరు అంకె, తేదీ, పార్ట్ నంబరు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. పాత ప్లగ్గులను అంకెల వరుసలోనే ఒక డబ్బాలో నెల రోజులు ఉంచండి. ఈలోగా మిస్సింగ్ మళ్లీ వస్తే, కోడ్ చూపే సిలిండరు నుంచి వచ్చిన పాత ప్లగ్గును కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూడటానికి అది చేతికి అందుబాటులో ఉంటుంది.